ఏడో నంబరు రికార్డింగు

టైర్ల కొట్టు బాబాయ్ నోరు విప్పాడంటే వినేవాళ్ళ చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. ఆ సాయంత్రం టీకొట్టు బల్ల మీద ఆయనకి ఇద్దరం దొరికాం, ఇస్త్రీ పని ముగించుకొచ్చిన నేను, డ్యూటీ దిగొచ్చిన నర్సమ్మ. పొయ్యి దగ్గర టీ అక్క ఎలాగూ ఉంది, ఆమెకి పారిపోయే వీల్లేదు.

“మా అమ్మాయి చేసుకోబోయే కుర్రాడిది వేరే దేశం, వేరే భాష, తెలిసిందేగా. వాళ్ళమ్మ ఆదివారం పెళ్ళి మాటలకి వస్తోంది. ఆవిడది ఒకటే షరతు. పిల్ల తండ్రి తనతో వాళ్ళ భాషలో నాలుగు మాటలు మాట్లాడాలి, మధ్యలో ఎవరూ దూరకూడదు. ఇంకొకడైతే హడలిపోయేవాడు. నేను? ఫోన్లో ఆన్‌లైన్ క్లాసులో చేరిపోయా. అందులో మైకు బొమ్మ ఉంటుంది, నొక్కగానే ఎర్ర చుక్క వెలుగుతుంది, ఒక్క నిమిషం మాట్లాడి పంపాలి. అందరివీ అందరూ వినొచ్చు. పంతులమ్మ కూడా విని, తప్పులుంటే తన గొంతుతోనే జవాబు పెడుతుంది. అక్కడ మనకి పేర్లుండవు, నంబర్లే. నాది ఏడు. మొదటి రోజు నొక్కాను, గుక్క తిప్పుకోకుండా నిమిషం మాట్లాడాను, పంపాను. అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“తప్పులు చెప్పుంటుంది” అన్నాను.

“తప్పులా! ‘ఏడో నంబరుగారూ, రెండుసార్లు విన్నాను, ఇంకోసారి వింటాను’ అంది. మర్నాటికి క్లాసంతా నా రికార్డింగు విని చెవులు కోసుకోవడమే. అక్కడితో ఆగిందా? ఆ పంతులమ్మ దాన్ని ఆ దేశంలో ఉన్న తన తల్లికి వినిపించింది. ఆ పెద్దావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, ‘ఈ అబ్బాయి మన వీధివాడే, ఏ ఇంటివాడో గుర్తు రావడం లేదు’ అందట. పక్కవీధివాళ్ళు ఒప్పుకుంటారా, కాదు మావాడేనని గొడవకొచ్చారు. చివరికి నేనే ఇంకో రికార్డింగు పంపి రెండు వీధులకీ రాజీ చేశా.”

“ఇంత జరిగినా కొట్లో పంచర్లు ఆగలేదే!” అంది టీ అక్క.

“ఒక చేత్తో పంచరు, ఇంకో చేత్తో ఫోను. విను ముందు. వాళ్ళ రైల్వే స్టేషన్లో బండ్ల వేళలు చెప్పే ఆవిడకి గొంతు పోయింది. ఎవరున్నారు? ఏడో నంబరున్నాడు! నా గొంతు పెట్టారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జనం బండెక్కడం మానేశారు! ప్లాట్‌ఫారం మీదే నిలబడి వినడం, బండి వెళ్ళిపోగానే ఇంకో బండి కోసం కాదు, ఇంకోసారి నా గొంతు కోసం చూడ్డం. రెండు రోజులు ఖాళీ బండ్లు తిరిగాయి. మూడో రోజు డ్రైవర్లు కూడా దిగిపోయారు.”

నర్సమ్మ గ్లాసు కింద పెట్టి ఆయన్నే చూస్తోంది. అది మెచ్చుకోలనుకుని బాబాయ్ ఇంకా రెచ్చిపోయాడు.

“ఇక వాళ్ళ నిఘంటువు రాసే పండితులున్నారు చూడండి, పన్నెండు మంది ఒకేసారి ఫోను! ‘అయ్యా, ఒక మాటని మీరు ఒకలా పలుకుతున్నారు, మేం మూడొందల ఏళ్ళుగా ఇంకోలా పలుకుతున్నాం. మార్చుకోమంటారా?’ అని. ‘అలవాటైపోయిందిగా, ఈసారికి ఉంచుకోండి’ అన్నాను. మరీ పెద్దవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు. ఇప్పుడు ఎంతవరకు వచ్చిందంటే, ఆ దేశంలో పుట్టే పసిపిల్లలు ఏడవడం కూడా నా యాసలోనే ఏడుస్తున్నారట! ఇక వియ్యపురాలెంత?”

“బాబాయ్‌గారూ, ఏడో నంబరు మీరేనా?” అంది నర్సమ్మ. “నేను పదకొండు. ఆ దేశంలో ఉద్యోగానికని అదే క్లాసులో చేరాను. మీవి పంతొమ్మిది రికార్డింగులూ విన్నాను. ఒక్కోటీ సరిగ్గా నిమిషం. అన్నిట్లోనూ టైర్లకి గాలికొట్టే మిషన్ చప్పుడే. ఒకదాంట్లో దగ్గారు. ఇంకోదాంట్లో ఎవరో ‘ముందు చక్రమా, వెనక చక్రమా?’ అంటే ‘వెనకది’ అన్నారు. పంతులమ్మ జవాబు కూడా పెట్టింది, ‘గొంతు బాగుంది, కానీ మనం నేర్చుకునే భాష ఇది కాదు’ అని.”

టీ అక్క నవ్వాపుకోలేక పొయ్యి వైపు తిరిగిపోయింది. నేనూ నవ్వేవాణ్ణే, కానీ బాబాయ్ ముఖం చూస్తే నవ్వు రాలేదు. ఆయన జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

“మాటలన్నీ వచ్చమ్మా” అన్నాడు చివరికి, మెల్లగా. “పుస్తకం నిండా రాసుకున్నా. ఆ ఎర్ర చుక్క వెలగ్గానే నోరెండిపోతోంది. ఇక్కడ నేనేం వాగినా మీరు నవ్వేసి పోతారు. అక్కడ ఒక్క మాట తప్పితే నా పిల్ల పెళ్ళి చెడిపోతుందేమోనని భయం. దానికి తల్లి కూడా లేదు, ఉంటే ఆవిడే మాట్లాడేది.”

నర్సమ్మ ఆయన ఫోన్ అందుకుని, మైకు నొక్కి, ఎర్ర చుక్క కనబడకుండా తన అరచెయ్యి అడ్డం పెట్టింది. “మమ్మల్ని చూసి మాట్లాడండి, రోజూ మాట్లాడినట్టే.”

పావు నిమిషం పోయింది, సగం పోయింది. బాబాయ్ నా వైపు చూశాడు, టీ అక్క వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు. ఆ భాషలో ఏదో అన్నాడు. చిన్న వాక్యం, నిదానంగా, మధ్యలో ఒకచోట తడబడి. నర్సమ్మ పంపేసి ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, నవ్వుతోంది కూడా.

“ఆదివారం ఇదొక్కటే చెప్పండి, చాలు” అంది.

“ఏమన్నాడేమిటి?” టీ అక్క ఆగలేకపోయింది.

“‘చెల్లెమ్మగారూ, నేను కోతలరాయుణ్ణి, మా అమ్మాయి మాత్రం బంగారం’ అన్నారు.”

టీ అక్క కాసేపు బాబాయ్‌ని ఎగాదిగా చూసింది.

“పాతికేళ్ళుగా టీ పోస్తున్నా, ఈయన నోట నిజం రావడం ఇదే మొదటిసారి” అంది. “అదీ మనకి రాని భాషలో!”