గొంతుకి కుట్టిన రవికలు

"వాకిట్లో ఎండొచ్చే, ఎండెంట నువ్వొస్తే... ఊఁ ఊఁ ఊఁ..." ఆ తర్వాతేంటో మరి. నవ్వకే. మర్చిపోయి కాదు, ఆ పాటలో రెండో ముక్క నేనసలు వినలేదు. సరిగ్గా ఆ చోటుకొచ్చేసరికి మా అత్త మిషను తొక్కేది. టకటకటకటక... పాట కాస్తా అందులో కొట్టుకుపోయేది. ఆ టీవీ గొంతు కొంచెం తగ్గించు తల్లీ. ఎవరికొచ్చిందో రేపు పేపర్లో వేస్తార్లే. అదిగో, ఆ పిల్ల ఏడుస్తోంది చూడు, బహుమతి పుచ్చుకునేటప్పుడు కూడా ఏడుపే. మా అత్త ఉంటే అనేది, "ఏడ్చినవాళ్ళకి ఇస్తారు, చచ్చిపోయినవాళ్ళకి ఇస్తారు, జుట్టుకి తెల్లరంగు పూసుకున్నవాళ్ళకి ఇస్తారు. అన్నం వడ్డిస్తూ మామూలుగా మాట్లాడినవాళ్ళకి ఒక్కడైనా ఇచ్చాడటే?" అని. ఎవరా అత్త అంటావేంటి, నీకు చెప్పలేదూ? మా నాన్న చెల్లెలు. నన్ను పెంచింది. కుట్టుపని చేసేది. పన్నెండేళ్ళప్పుడు కాజాలు కుట్టడానికని ఆవిడ దగ్గరికి పంపారు, అట్లాగే ఉండిపోయాను. పెళ్ళయ్యాక కూడా పక్క వీధిలోనే కాపురం, పొద్దున్నే వచ్చి ఆవిడ బల్ల దగ్గరే కూర్చునేదాన్ని.

ఆవిడ కొట్టు ఎక్కడుండేదంటే, సినిమా హాలు గోడకి ఆనుకుని. గోడంటే ఒకటే గోడ. ఇటు మా మిషను, అటు తెర. ఇటువైపు సున్నం రాలి ఇటుకలు కనపడేవి, నాయకుడికి కోపమొస్తే దారపు ఉండలు బల్ల మీద దొర్లేవి. మార్నింగ్ షో, మ్యాట్నీ, ఫస్ట్ షో, అన్నీ మా గోడలోంచే. నలభై రోజులాడితే నలభై రోజులూ వినాల్సిందే. మన భాషవి వచ్చేవి, హిందీవి వచ్చేవి, అరవంవి వచ్చేవి, ఒకసారి బెంగాలీది కూడా వచ్చింది, హాల్లో పదిమంది కూడా లేరట. అత్తకి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఆ సినిమాలో ఒక ముసలాయన దగ్గే దగ్గుకి రోజూ మిషను ఆగేది. "ఏం దగ్గుతున్నాడే, వీడికి ఇంట్లో ఎవరూ లేరు పాపం" అని మెటికలు విరిచేది. హాల్లోకి మాత్రం ఒకే ఒక్కసారి వెళ్ళింది, అదీ నేను లాక్కెళితే. సగంలో లేచొచ్చేసింది. "బొమ్మ చూస్తుంటే మాట వినపడట్లేదే. వీళ్ళంతా ఇంత పెద్ద మొహాలేసుకుని అడ్డమొస్తున్నారు" అంది!

ఏం చెబుతున్నా? ఆఁ, బహుమతి. ఆవిడ బహుమతి పద్ధతి వేరు. కాలు ఆగాలి. అంతే. గొంతు వినపడి మిషను మీద కాలు దానంతటదే ఆగితే వాళ్ళు నటులు. మొదటి రోజు ఆగడం గొప్ప కాదు, ముప్ఫయ్యో రోజు కూడా అదే చోట ఆగాలి. పెద్ద పెద్ద డైలాగులకి ఆగేది కాదు, ఇంకా గట్టిగా తొక్కేది. "ఆయన అరుస్తున్నాడు, నా పనీ అయిపోతోంది, మంచిదే" అనేది. ఏడాది చివర, గోడమీద కేలెండరు మార్చిన రోజు, బహుమతి ఎవరికో చెప్పేది. చెప్పి ఊరుకునేదా, కత్తిరింపుల్లో మిగిలిన మంచి గుడ్డలు ఏడాదంతా దాచి, వాటిని అతికి, ఒక రవిక కుట్టి ట్రంకుపెట్టెలో పెట్టేది. మగవాళ్ళకైతే చేతిరుమాలు. "మగాళ్ళకి అది చాలు, కొలతలు అడగలేం కదా" అని నవ్వేది. మరి ఆడవాళ్ళ కొలత నీకెట్లా తెలుస్తుందత్తా అంటే, "గొంతులో తెలుస్తుందే పిచ్చిమొహమా" అనేది.

అక్కడే మా ఇద్దరికీ తగువు. వరసగా మూడేళ్ళు ముగ్గురు హీరోయిన్లకి బహుమతిచ్చింది. వాళ్ళెవరో నేనే పోస్టరు చూసొచ్చి చెప్పేదాన్ని, ఫలానా పిల్ల, బుగ్గన పుట్టుమచ్చ ఉన్న పిల్ల అని. మూడో ఏడు రవిక పెట్టెలో పెడుతూ చూద్దును కదా, మూడూ ఒకటే కొలత! ఛాతీ ముప్ఫై ఎనిమిది, భుజం పధ్నాలుగున్నర. నేను పడీ పడీ నవ్వాను. "అత్తా, ఆ పిల్ల పోస్టర్లో పూచికపుల్లలా ఉంది. ఇందులో అలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. నీకు ఒకటే కొలత వచ్చా ఏంటి?" అన్నా. ఆవిడకి రోషం వచ్చేసింది. "నేను పోస్టరుకి కుట్టట్లేదే, ఊపిరికి కుడుతున్నా. ఎంతసేపు చెప్పిందో చూడు, మధ్యలో గాలి తీసుకుందా? అంత ఊపిరి పట్టే మనిషి పూచికపుల్ల ఎట్లా అవుతుంది? నలభై దాటిన మనిషి. పిల్లల్ని కన్న మనిషి. ఈ ముగ్గురూ అక్కచెల్లెళ్ళయినా అయ్యుండాలి, లేకపోతే నువ్వు పోస్టరు తప్పయినా చూసుండాలి" అంది. నేనే తప్పు చూశానట!

కొన్నాళ్ళకే ఆ మూడో పిల్లకి పెద్ద బహుమతి వచ్చింది, దేశంలో అందరికంటే బాగా నటించిందని. దాంతో ఆ సినిమా మా హాల్లో మళ్ళీ వేశారు, నెలల తరబడి ఆడింది. హాలు ఆపరేటరు, బట్టతలాయన, ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చి ఆ మాట చెప్పాడు. అత్త మొహం వెలిగిపోయింది, "చూశావా, నేను ముందే ఇచ్చేశా" అని. ఆయన ప్యాంటు మడత పట్టుకుని తీరిగ్గా అన్నాడు, "ఆ పిల్లకి మన భాష ఒక్క ముక్క రాదమ్మా. నోరు ఆడిస్తుందంతే. ఆ మాటలు వేరే ఆవిడెవరో చెబుతుంది, చీకటి గదిలో నిలబడి. ఈ పిల్లకే కాదు, ఇంతకు ముందు ఇద్దరికీ ఆవిడే" అని. అత్త నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటీ తీసి డబ్బాలో పెట్టి, నా వంక చూసింది. ఆ చూపు చాలు, నేను తలొంచుకుని కాజా కుట్టుకున్నా. తర్వాత ఆయన్ని అడిగింది, "మరి బహుమతి సగం కోసి ఆవిడకిచ్చారా?" ఆయన నవ్వాడు. "ఆవిడ పేరు కూడా వెయ్యరమ్మా. ఈ సినిమాలో ఏదో దయతలచి వేశారు, నూరు పేర్ల మధ్య, రెప్పపాటు." పేరేంటి అంటే, "పేర్లు పడేటప్పుడు నేను బొమ్మ సరిగా నిలబడిందో లేదో చూసుకోవాలి, చదవడానికి తీరికెక్కడిది" అని వెళ్ళిపోయాడు.

ఆ పూటంతా మిషను నడవలేదు. సాయంత్రం నాతో అంది, "ఈ మూడు రవికలూ ఆవిడకి పంపాలే. మిగతావాళ్ళకి పంపకపోయినా ఏంలేదు, వాళ్ళకి దండలు పడతాయి. ఈవిడకి ఎవరూ ఇవ్వరు. వెళ్ళి పేరు చదువుకురా." నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. "నాకు అక్షరాలు రావు కదత్తా! ఎవరినైనా చదివిపెట్టమందాం" అన్నా. "ఎవరో ఏదో ఒకటి చెబుతారు, నిజమో కాదో మనకేం తెలుసు. మూడేళ్ళ బహుమతి ఇంకొకళ్ళకి పోతే? నువ్వే నేర్చుకో" అంది. అప్పటికి నాకు ముప్ఫై నిండాయి, మీ అమ్మ కడుపులో ఆరో నెల! సిగ్గుతో చచ్చాననుకో. రవికలు కుట్టించుకునే లెక్కల టీచరమ్మ ఒకావిడ ఉండేది, ఆవిడ దిద్దించింది. పలకెక్కడిది, గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కతో కత్తిరింపు బల్ల మీదే, కటింగు గుడ్డ మీదే. దులిపితే పోతుంది కదా. ఒకసారి దులపడం మర్చిపోయి కుట్టేశా. ఎవరో ఒకావిడ గౌను పట్టుకొచ్చి, "మా పిల్ల నడుం లోపల 'ఖ' ఉందేంటమ్మా?" అని నిలదీసింది. అత్త తొణక్కుండా "అది మా కొట్టు గుర్తు" అని పంపించేసింది!

అయితే ఆ రోజుల్లోనే నేనొకటి గమనించా. మ్యాట్నీ నడుస్తుంటే, గోడవతల ఆవిడ... మేమట్లాగే పిలిచేవాళ్ళం, గోడవతల ఆవిడ అని... కాలు ఆగే మాట చెప్పింది. అత్త తొక్కుతూనే ఉంది. మర్నాడూ అంతే. పనెక్కువైందేమో అనుకున్నా. ఇంకో రోజు మిషను ఠక్కున ఆపి, తల గోడవైపు వంచి, కళ్ళు మూసుకుని, "ఆహా, ఎంత బాగా చెప్పిందే" అంది. అవతల ఇంటర్వెల్ తల్లీ. ఒక్క శబ్దం లేదు. గోడవతల మాట ఆవిడకి వినపడట్లేదు. ఎన్నాళ్ళ నుంచో! ఎక్కడ ఆగాలో గుర్తున్న లెక్కన ఆగుతోంది, ఆ రోజు లెక్క తప్పింది. "అవునత్తా, బాగా చెప్పింది" అని గట్టిగా అన్నా.

ఇంక నేనాగలేదు. రోజూ మ్యాట్నీకి వెళ్ళేదాన్ని. అప్పట్లో పేర్లు సినిమా మొదట్లోనే పడేవి, అవి పడేదాకా ఉండి వచ్చేసేదాన్ని. గేటు దగ్గరాయన మొదట్లో "ఇదేం సినిమా చూడటమమ్మా" అని నవ్వాడు, తర్వాత నన్ను చూడగానే "పేర్లామె వచ్చింది, దారివ్వండి" అనేవాడు. 'గాత్రం' అనే మాట పక్కనుండే పేరే ఆవిడదని చెప్పి, టీచరమ్మ ఆ మాట ముందే దిద్దించింది. మొదటి రోజు ఆ పేరులో ఒక్కక్షరం దొరికింది. తెర మీదవి బల్ల మీద సుద్దలా ఆగవు కదా, పారిపోతాయి. రెండో రోజు రెండు. కడుపు పట్టుకుని ముందు వరసలో కూర్చునేదాన్ని. ఆపరేటర్ని బతిమాలాను ఒక్క క్షణం ఆపమని, "ఆపితే రీలు కాలిపోతుందమ్మా" అన్నాడు. తొమ్మిదో రోజు, తల్లీ, ఆ పేరు మొత్తం నా కళ్ళముందు ఆగినట్టు ఆగింది. ఆపలేదు ఎవరూ, నాకే వేగం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నేను చదివిన మొట్టమొదటి పేరు అది. సినిమా వదిలేసి పరిగెత్తుకొచ్చి బల్ల మీద సుద్దతో ఇంతింత అక్షరాలు రాశా. అత్తకి చదవడం రాదు కదా, వేలితో ఆ అక్షరాల వెంట గీసుకుంటూ పోయింది. "బాగుందే, గుండ్రంగా ఉంది, నేననుకున్నట్టే" అంది.

సినిమా తీసిన వాళ్ళ చిరునామా పోస్టరు అడుగున ఉంటే అదీ నేనే చదివి, అత్త సంగతి నాలుగు ముక్కల్లో చీటీ రాసి లోపల పెట్టి, పార్సిలు మీద నేనే రాసి పంపించా. నాలుగు నెలలు జవాబు లేదు. మీ అమ్మ పుట్టింది. అత్త మంచాన పడింది, చెవులు పూర్తిగా పోయాయి, మనిషీ తగ్గిపోయింది. "ఇంకా రాలేదా" అని అడిగేది కాదు, పోస్టాయన గుమ్మం దాటిపోయేటప్పుడు మాత్రం అటు చూసేది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన దాటిపోలేదు. కవరు. నా పేరే రాసుంది దాని మీద, నా పేరు నేనే చదువుకున్నా. మంచం మీద కూర్చుని అత్త చెవి దగ్గర అరుస్తూ చదువుతుంటే ఆవిడ తల అడ్డంగా ఊపింది, వినపడట్లేదని. మెల్లిగా చెయ్యెత్తి అరచెయ్యి నా గొంతు మీద పెట్టింది. "అరవకు, మామూలుగా చదువు" అంది. చదివా. "అమ్మా, పద్దెనిమిదేళ్ళ నుంచి చీకట్లో నిలబడి ఎవరెవరి పెదాల మీదో మాట్లాడుతున్నాను. నన్ను చూడకుండా నా కొలత తెలుసుకున్నది మీరొక్కరే. మూడూ సరిపోయాయి. భుజం దగ్గర కూడా విప్పే పని పడలేదు. ఇవాళ ఒకటి వేసుకునే పనికి వెళ్ళాను" అని ఉంది. అత్తకేం తెలిసిందో, అరచేతిలోంచి ఎంత అందిందో నాకు తెలీదు. భుజం దగ్గర నేను చేత్తో చూపించా, ఇక్కడ, సరిపోయిందట అని. దానికి నవ్వింది. అది మాత్రం అర్థమైంది.

ఇవాళ మందుల చీటీ చదువుకుంటున్నా, బస్సు మీద బోర్డు చదువుకుంటున్నా, నువ్వు ఫోన్లో పంపేవన్నీ కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటున్నా. ఇదంతా మా అత్త పెట్టిందే. సినిమా పూర్తయ్యాక పేర్లు పడుతుంటే మీరంతా లేచి వెళ్ళిపోతారు, నేను కూర్చునుంటా. ఎందుకని అడిగావు కదా మొన్న.

ఆ ఉత్తరం వచ్చాక అత్త మూడు రోజులే ఉంది. నోట మాట లేదు ఆ మూడు రోజులూ. కాబట్టి నాతో ఆఖరున అన్నది ఆ మధ్యాహ్నమే, ఉత్తరం మడిచి కవర్లో పెడుతుంటే, అరచెయ్యి ఇంకా నా గొంతు మీదే ఉంది. "ఈ ఏటి బహుమతి నీకేనే. నీ గొంతు వినపడట్లేదు, కొలత ఎట్లా తెలుస్తుంది నాకు? లే, ఆ టేపు పట్రా."