దుబాసీ మాట

కొలోన్‌లో తెలుగు సంఘం అద్దెకు తీసుకున్న స్కూలు హాలు. రేపు సాయంత్రం నాటకం. రాసిన గిరిజ వేదిక మీద కుర్చీలు సర్దుతోంది. భానుప్రియ కోటు విప్పకుండానే ఆమె ముందు నిలబడింది.

"వేషం మార్చినంత మాత్రాన ఎవరికీ తెలియదనుకున్నావా, గిరిజా?"

"ఎవరి వేషమండీ? అది నాలుగు వందల ఏళ్ళ కిందటి మచిలీపట్నం. వలందు వర్తకులు, అదే డచ్చివాళ్ళు, ఓడ దిగారు. రేవు మీద అధికారం చేసే గోల్కొండ వారి హవల్దారు అక్కడ కూర్చున్నాడు. వీళ్ళ మాట వాళ్ళకి, వాళ్ళ మాట వీళ్ళకి చెప్పడానికి మధ్యలో దుబాసీ. ఇందులో మీరెక్కడున్నారు?"

"అండీ అంటున్నావు. అక్కా అనడం మానేశావన్నమాట."

"అక్కా అన్నందుకే ఒకసారి చదవకుండా సంతకం పెట్టాను."

"అదిగో. ఇదే నేననేది. హవల్దారు చేత ముద్ర వేయించే ముందు ఆ దుబాసీ ఏమంటాడు? రిహార్సల్ చూసొచ్చి మా ఆయన చెప్పారు. 'మామూలు కాగితమే, నేనున్నాగా' అంటాడట."

"అందరూ అనే మాటే."

"కొలోన్‌లో నేనొక్కదాన్నే అంటాను. కీటా బడిలో పిల్లల అడ్మిషనైనా, వీసా ఆఫీసులో అపాయింట్‌మెంటైనా జర్మన్‌లో మాట్లాడటానికి నన్నేగా తీసుకెళ్తారు. ఆ మాట రాగానే అక్కడున్నవాళ్ళంతా నవ్వారట."

"నాటకం కదా, నవ్వుతారు."

"రేపు రెండొందల మంది నవ్వుతారు. ఆ తర్వాత నేనెవరి గుమ్మం ఎక్కాలి? ఆ మాట తీసెయ్."

"తీయను. నాటకమంతా ఆ మాట మీదే నిలబడింది. గోదాముకి జాగా ఇస్తున్నాననుకుని హవల్దారు ముద్ర వేస్తాడు. కాగితంలో ఉన్నది వేరు. చుట్టుపక్కల నేతవాళ్ళందరూ బట్ట వలందులకే అమ్మాలని. దుబాసీకి తెలుసు. తెలిసే చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదట?"

"బావమరిదికి ఆ గోదాములో ఉద్యోగం కోసం. మీ ఆడపడుచుకి మా ఇల్లు ఇప్పించినట్టే."

"శ్రావ్య కోసమా... ఖాళీ అయిందని ఓనరే వాళ్ళకి ఫోన్ చేశాడు, గిరిజా."

"ఖాళీ ఎలా అయిందండీ? అప్పటికి మాకు పెళ్ళయి మూడు నెలలు. అది మా మొదటి ఇల్లు. పొద్దున్నే బాల్కనీలోకి ఎండ రాగానే శరత్, నేను ఒకే కుర్చీలో ఇరుక్కుని కాఫీ తాగేవాళ్ళం. కరివేపాకు మొక్క అప్పుడే రెండు రెమ్మలు వేసింది. ఓనరు జర్మన్‌లో కాగితం తెస్తే మీరేమన్నారు? 'అగ్రిమెంటు ఇలాగే ఉంచుతాడట, పెట్టెయ్యండి' అన్నారు. ఇద్దరం పెట్టాం. నెలాఖరుకి వెళ్ళిపొమ్మన్నాడు. మా ఇష్టంతోనే రద్దు చేసుకుంటున్నామని ఉందట అందులో."

"ఉంచుతాడట అన్నాను. నిజమే."

"ఒప్పుకున్నారుగా. రేపు ముందు వరసలో కూర్చోండి."

"ఆ దుబాసీకి వలందు భాష అంత బాగా రాదేమో. అలా రాయొచ్చుగా."

"భాష రాని దుబాసీయా? జనం నమ్మరు. దొంగంటే నమ్ముతారు."

"నమ్ముతారు. నువ్వూ నమ్మావు."

"నమ్మక?"

"ఆ కాగితంలో ఔఫ్‌హేబెన్ అనే మాట ఉంది."

"ఉంది. రద్దు చేయడం. అంతా అయ్యాక లాయరు చెప్పాడు."

"మా జర్మన్ క్లాసులో దాచి ఉంచడం అని చెప్పారు. పాత ఉత్తరాలు ఔఫ్‌హేబెన్, ఫొటోలు ఔఫ్‌హేబెన్. నాకు తెలిసిన అర్థం అదొక్కటే."

"రెండోది ఉందని..."

"నీ ఇల్లు పోయాక డిక్షనరీలో చూశాను."

"మరి చెప్పలేదేం? ఏడాదిగా మిమ్మల్ని దొంగనుకుంటూ తిరిగాను."

"దొంగనుకుంటే నువ్వొక్కదానివే మాట్లాడటం మానేశావు. మిగతావాళ్ళు పిలుస్తూనే ఉన్నారు. భాష రాదంటే ఒక్కరూ పిలవరు."

"అంటే, ఇప్పటికీ మీకు భాష సరిగ్గా..."

"ఆ మాట తీయకు గిరిజా. దుబాసీని దొంగగానే ఉండనీ, భాష రానివాడని మాత్రం రాయకు. రేపు పొద్దున మన సంఘంలోని అలివేలుమంగ గారిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఆపరేషన్ కాగితాలట, సంతకం పెట్టించాలి."