అరిచే ఊరు, చేతులెత్తే ఊరు

ఏథెన్సు. మహాసభ ముగిసిన మధ్యాహ్నం. ఫిలాగ్రోస్ ఇంటి పెరడు. స్పార్టా నుంచి వచ్చిన దాది దమో ముందు ఆయన్నీ, తరవాత ఆయన కూతురు మిర్టోనీ పెంచింది.

“బట్ట మీద ఆ ఎరుపేంటి బాబూ? నెత్తురా?”

“రంగే అవ్వా. సభకి పోకుండా బజార్లో నక్కాను. రంగు పూసిన తాడు పట్టుకొచ్చి, గొర్రెల్ని తోలినట్టు తోలారు.”

“రాజునంటావుగా? రాజుని తోలతారా?”

“మీ స్పార్టాలో రాజులిద్దరే. ఇక్కడ ఊరంతా రాజులే.”

“ఇద్దరు రాజులు, వాళ్ళతో కొలువుండే ఇరవై ఎనిమిదిమంది ముసలాళ్ళు. అవన్నీ ఇప్పుడెందుకు? మిర్టో అత్తారి దీవి సంగతేం తేల్చారు?”

“ఆ ఆలివ్‌లు ఇటియ్యి. పొద్దుట్నించీ ఏం తినలా.”

“తిందువుగాని. మనమీద తిరగబడ్డారనేగా కోపం? జరిమానా వేశారా?”

“మగాళ్ళని చంపెయ్యమన్నారు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ అమ్మెయ్యమన్నారు. కబురుతో ఓడ కూడా వెళ్ళిపోయింది.”

“మగాళ్ళంటే... అల్లుడా?”

“ఊఁ.”

“మరి మనవడో? మొన్ననేగా గడ్డం మొలిచింది వాడికి?”

“గడ్డం మొలిచినవాళ్ళంతా, అవ్వా.”

“ఏ పాపిష్టోడన్నాడా మాట? పేరు చెప్పు, నోరారా తిడతాను. మా ఊళ్ళో చాటుగా రాజునైనా తిట్టుకునేవాళ్ళం.”

“పేరేముంది. అందరం.”

“అందరమా? నువ్వూనా?”

“మీవాళ్ళెలా తేలుస్తారు? చెప్పు మళ్ళీ.”

“అరుస్తారు. ఎటు అరుపు పెద్దదైతే అటు. వెయ్యిసార్లు చెప్పా. గాడిదల సంత అని నవ్వేవాడివి.”

“అరిచేచోట నోరు తెరిచి ఊరుకోవచ్చు. ఎవడికీ తెలీదు.”

“అయితే?”

“ఇక్కడ చెయ్యెత్తాలి. పక్కనే పక్కింటివాడు. మిర్టో అక్కడుందని వాడికి తెలుసు. నా చెయ్యే చూస్తున్నాడు. ఎత్తకపోతే ద్రోహినంటాడు.”

“ఎత్తావా?”

“ఎత్తలా.”

“నా తండ్రే! ఏడవకు. అన్నివేలమందిలో ఒక్కడివి, నువ్వేం చెయ్య—”

“ఆగవ్వా. రెండువైపులా చేతులు సరిసమానంగా కనబడ్డాయిట. కంటితోనే కదా తేల్చాలి. తేల్లేదు. మళ్ళీ ఎత్తమన్నారు.”

“మళ్ళీనా?”

“ఈసారి తేలింది. కొద్ది చేతుల తేడా.”

“మొదట ఎత్తనివాళ్ళు ఎత్తారన్నమాట. ఎవళ్ళు బాబూ, ఆ దిక్కుమాలినాళ్ళు?”

“పక్కింటివాడు భుజం తట్టాడవ్వా. మనవాడివే నువ్వు, అన్నాడు.”