ఒంటి బూటుతో వచ్చిన మాస్టారు

నాకు గొప్పలు చెప్పుకోవడం చేతకాదు, కొతోనే తల్లీ. అందుకే ఎవరొచ్చినా టీ కంటే ముందు నా పాత డ్రాయింగులు చేతిలో పెట్టేస్తాను. వాళ్లే చూసి వాళ్లే మెచ్చుకుంటారు, నేను నోరు విప్పక్కర్లేదు. వినయమంటే అదే మరి. కూర్చో, ఆ దుప్పటి కాళ్ల మీదకి లాక్కో. ఏమిటీ, డిజైను చదివేవాళ్లు ముందు గీయాలా, ముందు నమూనా చేయాలా? ఇదేం ప్రశ్నే! అది సకియేని అడగాలి. హతకెయామా సకియే. ఇప్పుడు లేదులే, పోయి చాన్నాళ్లయింది. కుర్చీలూ బల్లలూ డిజైను చేయడం నేర్పే బళ్లో నాతో చదివింది. గీత గీస్తే వానపాము పాకినట్టుండేది. నాదా? మా నుమాతా మాస్టారు నా కాగితం చూసి, "ఇది గీశావా, వెంట్రుక రాలిందా?" అని ఊది చూసేవాడు. నేను దాన్ని పొగడ్త కిందే తీసుకున్నాను, ఇప్పటికీ.

ఆ ఏడు ఆఖరి పని ఏమిటంటే, గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకోడానికో పీట. మన అసాహికావా ఊరి మంచుకి మోకాళ్ల దాకా బూట్లాయె, ముసలాళ్లు ఒంటికాలి మీద కొంగల్లా ఊగుతారు కదా, నాలాగే, వాళ్లకోసం. మాస్టారు మెచ్చిన ఒక్కదాన్నే చెక్కతో చేయిస్తారు. సకియేకి అది ఆట కాదు. కుషిరో ఊళ్లో వాళ్ల నాన్నకి సముద్రపు నాచు అమ్మే కొట్టుంది. "ఈసారి కూడా నీ పని చెక్కలోకి దిగకపోతే చదువు చాలు, వచ్చి నాచు ఎండబెట్టుకో" అనేశాడాయన.

మేమంతా అరచేతిలో పట్టేంత నమూనాలు చేశాం. నేనైతే ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, బుగ్గకి ఆనించుకుని మరీ చూసుకునేవాణ్ణి. ఎలుక కూర్చోడానికైతే నా పీటకి సాటిలేదు. సకియే మాత్రం ఆపిల్ పెట్టెల అట్టలు తెచ్చి, నిజంగా మనిషి కూర్చునేంత పీట చేసింది. కూర్చోవడం, లేవడం, కోయడం, అతికించడం. ఒళ్లంతా అతుకులే, ఆసుపత్రి నుంచి పారిపోయి వచ్చినట్టుండేది పాపం.

మా మాస్టారిదో పద్ధతి. డ్రాయింగు దాటితేనే నమూనా వంక చూస్తాడు. సకియే కాగితం అందుకుని, "ఇది పీటా, జారిపడ్డ ఆవా?" అన్నాడు. మేం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను, ముందు వరసలో ఉన్నాను కదా. ఆయన కాగితం పక్కన పడేశాడు. ఇహ నాచుకొట్టే అనుకున్నాం. ఆ పిల్ల ఏడవలేదు సుమా! అట్టపీట ఎత్తుకెళ్లి బడి గుమ్మంలో, చెప్పుల అరల పక్కన పెట్టి, తను ఆ అరల చాటున నిలబడింది.

మాస్టారు భోజనానికని లేచి వెళ్లాడు. ఒక బూటు తొడుక్కున్న చప్పుడైంది. రెండోది కాలేదు. చూస్తే మా గది తలుపు తీసుకుని వస్తున్నాడు, ఒక కాలికి బూటు, ఒక కాలికి ఉత్త మేజోడు! బూటుకాలితో, చెక్కనేల మీద! ఇంట్లో నిప్పంటుకున్నా బూట్లు విప్పి గానీ లోపలికి రాని మనిషమ్మా. "నన్ను లేపిందెవరు?" అన్నాడు. ఎవరు లేపుతారు! "ఆ పీట. బూటులో మడమ దిగడానికని లేవబోతే, నా చెయ్యి దానంతటదే దాని పక్కపిడి మీదకి పోయింది. గోడ పట్టుకోకుండా లేచాను. ఎవరిదది?" వెనకాలే వచ్చిన సకియే చెయ్యెత్తింది. "ఇలాగే చేయిద్దాం" అన్నాడు. అప్పుడు తల వంచి దండం పెట్టి ఊరుకోవాలా, వద్దా? "ఇంకా కుదర్లేదండి మాస్టారూ. మీరు లేస్తుంటే చూశాను, మీ మణికట్టు మెలిపడింది" అంటూ గుమ్మంలోకి పోయి, ఆయన మెచ్చిన ఆ పిడినే కత్తితో పరపరా కోసేసింది. "ఓసి పిచ్చిమొహమా, సరే అనవే!" అని నేనే గొణిగాను. నుమాతా మాస్టారు ఇప్పుడు కాదన్నాడూ అంటే, మళ్లీ అవును అనడు.

ఆయన అలా చూస్తూ నిలబడ్డాడు. సకియే పిడిని కాస్త ముందుకి జరిపి అతికించింది. ఆయన కూర్చుని, రెండో బూటు తొడుక్కుని లేచాడు. మణికట్టు చూసుకున్నాడు. "ఊఁ. ఇప్పుడు గియ్యి" అన్నాడు, అంతే. ఆ పీట చెక్కలోకి దిగింది, నాచుకొట్టు సకియే తమ్ముడు చూసుకున్నాడు.

మరి నేనా? బతుకంతా కుర్చీలు గీశాను, నమూనాలు చేశాను, సన్మానాలు కూడా చేశారనుకో. కానీ ఒకసారి ఎవరైనా బాగుందన్నాక, నేను చేసినదాని మీద నా చేత్తో కత్తి పెట్టడం... అది నాకింకా రాలేదమ్మా.