ఆగినట్టు ఒక ఫొటో

నూలు మిల్లులో చక్రం గిర్రున తిరుగుతోంది. ఊడ్చే పెద్దావిడ వేలికున్న కట్టుతోనే దాని కిందికి చేయి పోనిచ్చి దూది తీస్తోంది. ఫొటోగ్రాఫర్ అమ్మాయి ఎదురుగా నిలబడి కెమెరా సర్దుకుంది.

“ఫ్లాష్ వేస్తే తిరిగేది కూడా ఆగినట్టే పడుతుందటగా అమ్మాయ్?” అన్నాడు మేనేజరు.

“షటర్ వేగం పెంచితే పడుతుందండీ. ఎందుకూ?”

“రేపు తనిఖీ. యంత్రం ఆపాకే శుభ్రం చేయిస్తున్నామని చూపించాలి.”

“అయితే నిజంగానే ఆపేయండి.”

“భలేదానివే! మొన్న ఈవిడ వేలు నలిగినప్పుడే ఆపలేదు, నీ ఫొటో కోసం ఆపుతానా?”

అమ్మాయి షటర్ వేగం బాగా తగ్గించి, ఫ్లాష్ ఆపేసి, పెద్దావిడ కదలని క్షణం చూసి తీసి, కెమెరా తెర మేనేజరుకు చూపించింది.

“ఇదేమిటి! మనిషీ, వేలికట్టూ అద్దంలో చూసినట్టున్నాయి, చక్రం మాత్రం సుడిగాలిలా ఉందే!”

“తిరిగేది తిరుగుతున్నట్టే పడిందండీ.”

“తనిఖీవాళ్లు చూస్తే నా కొంప మునుగుతుంది. ఇంకోటి తియ్యి!”

“ఎన్నైనా తీస్తాను. చక్రం ఆగితే చాలు.”

మేనేజరు పళ్లు నూరుతూ మీట నొక్కాడు. చక్రం ఆగింది. పెద్దావిడ చేయి మొదటిసారి బెదరకుండా లోపలికి వెళ్లింది.

“నీకు పుణ్యముంటుంది తల్లీ,” అందావిడ, “రోజూ వచ్చి ఓ ఫొటో తీసిపో.”