కాలువ క్యాంపు జాగ

బోధన్‌ల నర్సన్న చాయ్ హోటల్ బెంచీ మీద రాజలింగు కూసున్నడంటే లేవడు. ఎన్కట కాలువ డిపార్ట్‌మెంటుల చప్రాసి చేసిండు. పందొమ్మిదొందల అరవై ఎనిమిదిల గా డిపార్ట్‌మెంటోళ్లు వర్ని తొవ్వల ఉన్న తమ పాత క్యాంపు జాగ అక్కరకు లేదని వేలం పెట్టిండ్రు. కాలువ పనికొచ్చిన కూలోళ్లు గా జాగల్నే గుడిసెలు ఏసుకొని బతుకుతున్నరు.

"నేనేం పెద్దగ చెయ్యలే," అని మొదలువెట్టిండు రాజలింగు. "ఇంజినీరు సాబు తాన్కి పోయి, సాబ్, గరీబోళ్లు, గా జాగ ఇడ్సిపెట్టుండ్రి అన్న. గంతే. నువ్వు చెప్పినంక మల్ల మాటేంది రాజలింగూ అన్నడు."

"అట్లనా?" అన్నడు నర్సన్న చాయ్ వోసుకుంట.

"ఆగు, ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? కుర్సీల నన్ను కూసోవెట్టి తను నిలవడ్డడు. ముచ్చట హైద్రాబాద్ దాంక పోయింది. ఆడి పెద్దసాబు నా కోసం జీపు పంపిండు. జీపుల నేనొక్కన్నే, ఎనుక పోలీసుల లారీ. నాంపల్లి కాడ బండ్లన్ని ఆపిండ్రు, రాజలింగు వస్తుండని. పెద్దసాబు నక్ష పరిసి, ఏ జాగ కావాల్నో ఏలు వెట్టు అన్నడు. క్యాంపు మీద వెట్టబోతే ఏలు జెర జారి నిజాంసాగర్ మీద వడ్డది. సరే, గది గూడ తీస్కో, మంజీర గూడ తీస్కో అన్నడు. గన్ని నీళ్లకు కావలెవరుంటరని నేనే వాపస్ ఇచ్చిన. లేకుంటే మీరు నన్నడిగి నాట్లేస్తుంటిరి."

బెంచీల మీద చాయ్ తాగుతున్న మేమందరం నవ్వినం. క్యాంపు గుడిసెలల్ల ఉండే చంద్రవ్వ ఎప్పుడొచ్చిందో, గడప కాడ నిలవడి ఇంటున్నది. మోచేతుల దాంక మన్ను.

"రాజలింగన్నా," అన్నది మెల్లగ. "మొన్న మా తాన్కి వచ్చి గిదే చెప్తివి. నీ మాట మీద మేం సామాను తియ్యలే. పొద్దుగాల డిపార్ట్‌మెంటోళ్లు గుడిసెల గోడలు కూలగొడుతుంటే మా ఆయన అడ్డం వోయిండు. జాగ మాదే, రాజలింగన్న సాబుతోని మాట్లాడిండు అన్నడు. ఇంజినీరు సాబు ఆన్నే ఉండె. రాజలింగు ఎవడు అన్నడు."

నర్సన్న చాయ్ కెటిల్ కింద వెట్టిండు.

"పోలీసులు కొడితే మా ఆయన తల వల్గింది. గట్లనే ఠాణాకు గుంజుకపోయిండ్రు. నువ్వొచ్చి నువ్వెవలో ఒక్కసారి చెప్పన్నా. జల్ది రా."

రాజలింగు లేసి చెప్పులు తొడుక్కున్నడు. ఠాణా ఉన్నది బజారు దిక్కు. చంద్రవ్వ గా దిక్కు నడిసింది, అన్న ఎనుక వస్తుండనుకొని. రాజలింగు గడప దిగి రైలు స్టేషన్ తొవ్వ వట్టిండు.

మూల తిరిగే దాంక చంద్రవ్వ ఎనుకకు సూడలే.