సారె పంచిన వీధి

అది కాదు ఢిల్లీరావు బావా, నవ్వాపి ఇను. మీ భానుప్రియనీ సదువుకి ఆ ఊరే పంపుతానంటన్నావు కాబట్టి సెప్తన్నాను. నాకైతే ఇంగ్లండులో ఆ యార్క్ ఊళ్లో దిగినరోజే అనుమానం ఒచ్చీసింది. ఊరి చుట్టూ రాజులనాటి కోటగోడ. దొంగలు లేని ఊరికి అంత గోడెందుకు, సెప్పు?

మా అమ్మాయి ఇందు స్టేషన్‌కొచ్చి మమ్మల్ని తన గదికి తీసుకెళ్లింది. గదా అది! తివాచీ, అద్దాల బీరువా. కాశీబుగ్గలో నా జీడిపప్పు కొట్టు కన్నా దాని బాత్రూమే బాగుంది. ఈ అద్దె ఎవడు కడతన్నాడూ అని నాకు లోపల ఒకటే పురుగు.

మీ చెల్లి నారాయణమ్మ ఊరుకుంటాదా? పెట్టె నిండా సారె మోసుకొచ్చింది. జీడిపాకం, కొబ్బరి లౌజు. "పెళ్లికాని పిల్లకి సారేటే?" అన్నాను. "పిల్లున్న వీధిలో పంచాల్సిందే" అంది. ఇందు "ఒద్దమ్మా, ఒద్దమ్మా" అని అడ్డం పడింది. ఎవరింటారు? నేనే పళ్లెం పట్టుకుని పెళ్లిపెద్దలాగ ముందు నడిచాను.

మొదటి తలుపు. ఓ ముసలి దొర ఇందుని ఎగాదిగా సూసి, "ఎవరీ అమ్మాయి?" అన్నాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ ఒచ్చు! రెండో తలుపూ అంతే. మూడోదీ అంతే. ఏడాదిగా ఉన్న పిల్లని ఒక్కరూ ఎరగరు. మన పూండిలో మేక తప్పిపోయినా ఎవరిదో సెప్తారు కాదేటి?

సాయంత్రం ఎవరో పిల్లొచ్చి, అడక్కుండా బీరువా తీసి, స్వెట్టరు పట్టుకుపోయింది. స్నేహితురాలట. ఏ అరలో ఏటుందో స్నేహితురాలికెలా తెలుసు?

మర్నాడు కాలేజీకని బయల్దేరింది. ఎనకాలే ఎల్లాను. అవును బావా, కన్నకూతురి ఎనకాల, ఈ బొజ్జేసుకుని, గోడల సాటున నక్కి నక్కి! ఎవడో కుర్రోడుంటాడనుకున్నాను.

ఎవడూ లేడు. కోటగోడ అవతల సేపలు ఏపే కొట్టు. దాని పక్కనుంచి కిందకి మెట్లు. ఇందు తన తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికెళ్లింది. నేలకి ఆనుకున్న కిటికీలోంచి సూశాను. ఇంకో ముగ్గురు ఆడపిల్లలు, ఒకటే గది, పరుపులు కిందే. తాడు మీద నారాయణమ్మ కుట్టిన బొంత ఆరతంది. భావనపాడు సేపల రేవుకెల్తే ముక్కు మూసుకునే పిల్ల బావా అది!

ఆ అద్దాల బీరువా గది స్వెట్టరు పిల్లదే. మేమున్నన్నాళ్లకీ అరువు.

తలుపు కొట్టలేదు. ఒచ్చీశాను.

ఎల్లొచ్చేరోజు స్టేషన్లో అడిగింది, "గది నచ్చిందా నాన్నా?" అని. "రాణీగారి గదిలాగుందమ్మా" అన్నాను. ఎంత సంబరపడిందో!

ఈ సంగతి నారాయణమ్మక్కూడా సెప్పలేదు. నీ పిల్లని పంపుతావో మానతావో నీ ఇష్టం. మాది మాత్రం ఆదివారం ఆదివారం ఫోన్ సేసి, "బాగున్నాను నాన్నా, కడుపునిండా తింటన్నాను" అంటాది. "అలాగేనమ్మా" అంటాను. ఇంకేటి సేస్తాను? ఏం సెప్పినా నమ్మే నాన్ననని ఒకసారి నమ్మించీశాను కదా.